రొట్టెల కొరకా, ప్రభువు కొరకా?



"అన్నము కొరకు మతములో కలిసినవారు" అను మాట చెవినిపడకుండ మన కోస్తా పల్లెలలో ఏ క్రైస్తవ బిడ్డయు పెరుగడు. బడిలో తోటి పిల్లవాడు అనును. పొలము గట్టున ఆసామి అనును. చదువుకొన్నవారు కొంచెము మర్యాదగా "కరువు క్రైస్తవులు" అందురు. ఈ మాటకు మనవారు రెండు విధములుగా బదులిచ్చుట చూచుచున్నాము. కొందరు కోపపడి వాదమునకు దిగుదురు. కొందరు తలవంచుకొని, మా తాతలు అట్లే వచ్చియుందురులెమ్మని ఊరకుందురు. కోపమునకు గాని సిగ్గునకు గాని ముందు జరిగిన సంగతి తెలిసికొనుట మంచిది. ఎందుకనగా, నిజమైన సమర్పణ అనగా ఏమి, దానిని దేనినిబట్టి గుర్తుపట్టవలెను అను ప్రశ్నకు మన తీరమున జరిగిన ఆ సంగతికంటె మంచి పాఠము నాకు తెలియదు.

నెల్లూరు తీరము వెంబడి, ఇసుక దిబ్బలకును పల్లపు చేలకును నడుమ, సముద్రముతో జతగా సాగిపోవు బకింగ్‌హాం కాలువను మీలో అనేకులు చూచియున్నారు. పడవల రాకపోకలు నిలిచి చాలకాలమైనది. చాలచోట్ల పూడిపోయి పశువులు దాటు మడుగైనది. 1876లో వానలు తప్పి, మదరాసు రాజధానిలో 1878 వరకు లక్షలాది జనులను మ్రింగిన ఆ గొప్ప కరువు వచ్చినప్పుడు, ఈ కాలువలో మిగిలియున్న పనిని కరువు పనిగా సాగించిరి. అప్పటి గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి నిలిచినది.

ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు అట్లేయుండెను. అక్కడ అమెరికను బాప్తిస్టు మిషనెరీగానున్న జాన్ క్లౌదొరగారు ఈ కాలువలో మూడున్నర మైళ్ల భాగమును కంట్రాక్టు పట్టిరి. మిషనెరీ కంట్రాక్టరగుట యేమని ఎవరైన నవ్వవచ్చును. కాని మాదిగ కూలివానికి ఇతర మేస్త్రీల క్రింద ఏపాటి న్యాయము దొరకునో మన పెద్దలనడిగిన చెప్పుదురు. పైగా ఆయన యౌవనమున తన దేశములో భూములు కొలుచు సర్వేయరుగా పనిచేసినవాడు. కొలత ఆయనకు తెలిసిన విద్యయే. సువార్తికులను మేస్త్రీలుగా నియమించి, తాటాకు పాకలు వేయించి, పనికి వచ్చినవారిని వచ్చినట్లు చేర్చుకొనిరి. ఆకులు, గడ్డలు తిని ప్రాణము నిలుపుకొన్నవారు, త్రోవలో బిడ్డలను పాతిపెట్టి వచ్చినవారు, గంపలతో మన్ను మోసిరి. ఆ కాలముననే సర్కారు పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి కరువు పనులలో మగవాని దినకూలికి ఒక పౌను ధాన్యము చాలునని లెక్కకట్టెను. అది తిని మన్ను మోయువాడు ఎట్లు బ్రదుకునో ఆ లెక్కలో లేదు.

మధ్యాహ్నము పని ఆగి జనులు కూర్చున్నప్పుడు సువార్తికులు వారియొద్ద కూర్చుండి, బరువు మోసి అలసినవారిని ప్రభువు తనయొద్దకు పిలిచిన సంగతి చెప్పుచుండిరి. తలమీది గంప అప్పుడే దించినవానికి ఆ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు. వేలాదిమంది వినిరి. అనేకులు బాప్తిస్మము ఇయ్యుడని అడుగసాగిరి.

ఇక్కడనే మన ప్రశ్న మొదలగుచున్నది. క్లౌదొరగారు ఇయ్యలేదు. 1877 మార్చి మొదలు 1878 జూను వరకు, సుమారు 15 నెలలు, ఆయన ఒక్కరికైనను బాప్తిస్మము ఇయ్యనీయలేదు. కూలి ఇచ్చుచున్న చేయియే బాప్తిస్మమును ఇచ్చినయెడల, అడుగువాడు దేనికొరకు అడుగుచున్నాడో ఇచ్చువానికే గాక అడుగువానికి సహితము తెలియదని ఆయన భయము.

ఇది సరియైన పనియేనా? నేను చాలమార్లు దీనిని తలంచితిని. ఆకలిగొన్నవాడు దేవుని వెదకగూడదా? కడుపు నిండినవాని ప్రార్థన మాత్రమే నిర్మలమైనదా? అట్లయిన ధనవంతుల గుడులే పరలోకమునకు దగ్గరగా నుండవలెను. ఆ 15 నెలలలో బాప్తిస్మము కోరియు పొందకయే చనిపోయినవారు ఎందరో ఉండకపోరు. వారిని ప్రభువు త్రోసివేసెనని మనలో ఎవరు చెప్పగలరు? గనుక ఆలస్యము చేయుటవలన హృదయము శుద్ధియగునని నేను నమ్మను. కాని ఆలస్యము చేసినది ఎవరి నిమిత్తమో ఆలోచించుడి. అన్నము చేతిలోనున్నవాడు అన్నము లేనివానిచేత ఏ మాటనైన అనిపించుకొనగలడు. ఆ శక్తిని వాడుకొననని తన చేతిని తానే కట్టుకొనుటయే క్లౌదొరగారు చేసిన పని. పరీక్ష ముఖ్యముగా ఆకలిగొన్నవానికి గాదు, పెట్టువానికి. ఇట్లు చూచినప్పుడు అది సరియైన పనియని నా మనస్సు ఒప్పుకొనుచున్నది.

యోహాను సువార్త 6వ అధ్యాయమును మరల చదువుడి. ప్రభువు అయిదువేలమందికి రొట్టెలు పెట్టునపుడు, మీరెందుకు వచ్చితిరని ఒక్కనినైన అడుగలేదు. వరుసలుగా కూర్చుండబెట్టి పెట్టెను. మరునాడు వారు సరస్సు దాటి వెదకుకొనుచు వచ్చినప్పుడు, ఎందుకు వచ్చిరో మొగము మీదనే చెప్పెను. అటుపిమ్మట జీర్ణించుకొనుటకు కష్టమైన బోధ చెప్పగా గుంపు పలుచబడినది. ఆయన వెంటబడి బ్రతిమాలలేదు, పెట్టిన రొట్టెను లెక్క అడుగనులేదు. పెట్టుట ఒకటి, పిలుచుట ఒకటి. రెండును ప్రేమయే. కాని ఒకదానిని రెండవదానికి ఎరగా గ్రుచ్చుట ఆయన ఎరుగని సంగతి.

తరువాత జరిగినది మీరు ఉత్సవ ప్రసంగములలో వినియుందురు. కాలువ పని అయిపోయినది. 1878 జూనులో క్లౌదొరగారు సువార్తికులను ఒంగోలునకు ఉత్తరమున పది మైళ్ల దూరములో గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లికి రమ్మనిరి. వారి వెనుక జనులు వేలుగా వచ్చిరి. ఇక పంచిపెట్టుటకు సొమ్ము లేదని ఆయన వారితో తేటగా చెప్పిరి. మాకు సొమ్ము వద్దు, కష్టపడి బ్రదికితిమి, వానలు మరల తప్పి చచ్చినను క్రైస్తవులుగా చత్తుమని వారు చేతుల కాయలు చూపి చెప్పిరని ఆయన జ్ఞాపకములలో ఉన్నది. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు తెల్లదొరలు గారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, వంతులవారీగా నీటిలో నిలిచి ఇచ్చిరి. ఆ సంవత్సరాంతమునకు లెక్క తొమ్మిదివేలు దాటినది.

ఈ అంకెలను పెంతెకొస్తు దినముతో పోల్చి మురియుట మన వాడుక. నాకు మాత్రము అంకెలకంటె ఆ "సొమ్ము లేదు" అను మాటయే విలువైనదిగా కనబడుచున్నది. ఆ మాట తరువాత నీళ్లలోనికి దిగినవారిని అన్నము కొరకు దిగిరనుట న్యాయము గాదు. అందరును కడవరకు నిలిచిరా అనిన, అట్లు ఏ కాలమునను ఏ సంఘమునందును జరుగలేదు. పండ్రెండుమందిలోనే జరుగలేదు.

అయితే కరువు కథ మొత్తము కథ గాదు. ఇది మన పిల్లలకు చెప్పవలసిన సంగతి. కరువు రాకమునుపే ఒంగోలు సంఘములో మూడువేలకు పైగా సభ్యులుండిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఏర్పడిన సంఘమది. వారికి ఎవరు రొట్టెలు పెట్టిరి? మొదటివారిలో నొకడైన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్లపని చేయు కులమువాడు. యోగమార్గమున గురువులనాశ్రయించి దేవుని వెదకుచుండి, ఏలూరు ప్రాంతమున క్రీస్తును గూర్చి విని, 1866లో బాప్తిస్మము పొందెను. అతడు వెదకినది కూడు గాదు.

అంతకు ముందటి కథ ఇంకను సన్నని దారము. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో మిషను స్థాపించినది మొదలు ఏండ్లు గడచినను చేరినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. అమెరికాలోని పెద్దలు 1848లోను, 1853లోను, 1862లోను దీనిని మూసివేయుదుమా అని యోచించిరి. 1854 జనవరి 1వ తేదీన తెల్లవారకమునుపు ఒంగోలు కొండమీద మోకరించినది అయిదుగురే: లైమన్ జువెట్టుగారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగువారు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అను ఇద్దరు స్త్రీలు. ఆనాడు క్రైస్తవుడగుటవలన ఎవరికిని ఒక మానెడు జొన్నలైన రాలేదు.

ఇక పేరయ్య తరువాత వచ్చినవారికి సంఘము పెట్టిన షరతులు చూడుడి. పెద్ద వేదాంతమేమియు లేదు. విగ్రహములకు మ్రొక్కగూడదు, చచ్చిన పశువు మాంసము తినగూడదు, ఆదివారమున పని చేయగూడదు. వినుటకు ఇవి చిన్న సంగతులు. ఆనాటి మాదిగపల్లెలో నిలుచుండి చూచినప్పుడు గాని వీని బరువు తెలియదు. ఊరిలో చచ్చిన గొడ్డు వానికి ఊరు ఇచ్చు మేర. దాని తోలు వాని పని, దాని మాంసము వాని కూడు. ఆ కూడు వద్దనుట అనగా ఆకలికి ఒప్పుకొనుటయే. రొట్టెల కొరకు వచ్చినవాడు చేయు పనియా ఇది?

ఆదివారము మాట ఇంకను కష్టమైనది. కపిల బావికి తోలు బాన చినిగినప్పుడు రైతు ఆదివారమని ఆగడు. చేను ఎండును. ఇతడు ఆ దినమున ఆరె పట్టననెను. రైతుకు అది దేవుని మాటగా వినబడలేదు, పొగరుగా వినబడినది. అమ్మవారి జాతరలో డప్పు కొట్టననెను. అది ఊరికే ఎదురు తిరిగినట్లయినది. నీళ్లు బందు, అంగడిలో సరుకు బందు, పని బందు, కళ్లమున మేర బందు. దొంగతనము మోపి ఠాణాకు పంపుట. ఈ బాధలు పడినవారు చదువు రానివారు. వారి విశ్వాసమును గూర్చి వారు ఒక ప్రసంగమైనను వ్రాసి ఉంచలేదు. వారు ఆదివారమున ఆరె పట్టలేదు, అంతే.

ఈ రైతులందరును దుర్మార్గులని నేను చెప్పుట లేదు. ఎండుచున్న చేను చూచిన రైతు బాధయు బాధయే. సమర్పణ అనునది మంచివానికి చెడ్డవానికి మధ్య జరుగు నాటకము గాదు. అనేకమారులు అది మన యింటివారినే, మనకు పని ఇచ్చువారినే బాధపెట్టును. అందువలననే అది కష్టము.

పరీక్ష క్లౌదొరగారికి సహితము వచ్చినది. ఒంగోలులో పెద్ద కులములవారు తమ పిల్లలను ఆయన బడికి పంపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నయెడల మా పిల్లలు రారని వారు చెప్పిరి. పట్టణమంతయు ఒకవైపు, పల్లె మాదిగలు ఒకవైపు. ఆయనయు ఆయన భార్యయు వేరువేరుగా బైబిలు తెరువగా, ఇద్దరికిని మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయములో, లోకము ఎన్నికలేనివారిగా చూచువారిని దేవుడు ఏర్పరచుకొనిన సంగతియే కనబడెనని చెప్పుదురు. పిల్లలు బడి విడిచిపోయిరి. సంఘము పల్లెకు పోయినది. మనము ఈనాడు ఇట్లున్నామనిన ఆ దినమున ఆయన పోగొట్టుకొన్న దానివలననే.

వీనినన్నిటిని చూడగా నాకు తోచునది ఇది. మనుష్యుడు ఏ కారణమున ప్రభువునొద్దకు వచ్చెనని త్రవ్వి చూచుటవలన మనకు గొప్ప సంగతియేమియు తెలియదు. సువార్తలలో ఆయనయొద్దకు వచ్చినవారందరు ఏదోయొకటి కోరియే వచ్చిరి. కన్ను కొరకు ఒకడు, కూతురి ప్రాణము కొరకు ఒకడు, రాజ్యములో కుడిప్రక్క కుర్చీ కొరకు జెబెదయి కుమారులు. మన సంఘములలో బిడ్డ జబ్బు కొరకు మ్రొక్కి వచ్చిన తల్లులెందరు లేరు? వచ్చిన కారణము వాకిలి మాత్రమే. కారణము తీరిన తరువాత, లేక తీరకయే పోయిన తరువాత, ఆ మనిషి ఎక్కడ ఉన్నాడన్నదే చూడవలసినది. కరువు తీరి వానలు కురిసి చేలు పండిన తరువాత ఆదివారమున ఎవరు ఆరె పట్టలేదు?

ఇప్పుడు మన దినములకు వత్తము. ఇక్కడ సంగతి తారుమారైనది. ఆనాడు, క్రైస్తవుడైనందున కూడు దొరకుననిరి. ఈనాడు క్రైస్తవుడనని వ్రాయించుకొన్నందున దొరకుచున్నది పోవును. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులమువాడు హిందువై యుండవలెను, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో అట్టివారు వెనుకబడిన తరగతులలో సి గ్రూపునకు పోవుదురు; దానికి ఉన్నది ఒక్క శాతము. చదువులోను ఉద్యోగములోను పోవుటయే గాదు, కులము పేరున కొట్టబడినప్పుడు అట్రాసిటీ చట్టము నీడయు వానికి లేదు. వాని పల్లె మారలేదు, ఊరు వానిని చూచు చూపు మారలేదు. సర్టిఫికెట్టు మాత్రము మారినది. ఇది న్యాయమని ఏ మనస్సాక్షి చెప్పును? ఈ ఉత్తరువును ప్రశ్నించు వ్యాజ్యము 2004లో సుప్రీంకోర్టుకు చేరినది. 2022లో కేంద్ర ప్రభుత్వము దీనిని విచారించుటకు జస్టిస్ బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఒక కమిషనును నియమించినది.

ఈ చట్టమువలన మన సంఘములలో రెండు పేర్లు పుట్టినవి. బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. ఆదివారము ముందు వరుసలో కూర్చుండు తండ్రి సోమవారము మండలాఫీసులో మరియొక మతము వ్రాయించును. కాపరులకు తెలియును, పెద్దలకు తెలియును, ఎవరును మాటాడరు. నిజమైన సమర్పణను గూర్చి బోధించుచు ఈ సంగతిని దాటిపోవుట సమంజసము గాదు.

అబద్ధము అబద్ధమే. దానికి మంచి పేరు పెట్టుటకు నాకు మనస్సు రాదు. కిటికీలు తెరచి ప్రార్థించిన దానియేలు కిటికీ మూసికొని ప్రార్థించిన యెడల సింహముల గుహ తప్పియుండును, ఆయన మూయలేదు. అయినను అదే గ్రంథములో నయమాను కథయు ఉన్నది. 2వ రాజులు 5వ అధ్యాయము చూడుడి. కుష్ఠము పోయిన తరువాత యెహోవాను తప్ప వేరొకరిని సేవింపనని చెప్పుచునే, రాజు తన చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో వంగునపుడు తానును వంగవలసి వచ్చునని, అది క్షమింపబడవలెనని అతడు వేడుకొనెను. ఎలీషా వంగుమనలేదు. వంగవద్దని శపింపనులేదు. సమాధానముగా పంపివేసెను. ఆ ప్రవక్త మౌనమును నేను పూర్తిగా ఎరుగనుగాని, నయమాను దానిని దాచక దైవజనుని యెదుట చెప్పుకొనెననుట మాత్రము గమనింపదగినది. మనవాడు చెప్పుకొనుటకు మన సంఘములో చోటున్నదా?

సర్టిఫికెట్టులో క్రైస్తవుడనని నిజము వ్రాయించి, దానివలన సీటు పోగొట్టుకొన్న పిల్లలు మనలో ఉన్నారు. అట్టివానిని మనమేమి చేసితిమి? వేదికమీదికి పిలిచి సాక్ష్యము చెప్పించితిమి. చప్పట్లు కొట్టితిమి. వాడు ఇంటికి పోయెను. ఫీజు వాడే కట్టుకొనవలసివచ్చెను. నీళ్లు బందైన ఆ మాదిగపల్లెలలో ఒకని కుండ మరియొకడు నింపకయే వారు నిలిచియుందురా? ఒంటరిగా ఎవడును ఊరికి ఎదురు నిలువడు. ఒకనిని నిజము చెప్పుమని బోధించి, ఆ నిజమునకు వెల మాత్రము వాని తండ్రి కూలిలోనుండి తీయుట క్లౌదొరగారు కూలియు బాప్తిస్మమును కలిపి ఇచ్చియుండిన యెడల జరిగియుండు దానికంటె మేలైనది గాదు. ఇదియును కలిగినవాడు లేనివానిచేత మాట అనిపించుకొనుటయే.

పంట కానుకల పండుగ దగ్గరకు వచ్చుచున్నది. బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు ఎప్పటివలెనే వేలము వేయుదుము. ఆ సొమ్ములో గుడి రంగులకు ఇంత, మైకుసెట్టుకు ఇంత అని పెద్దలు వ్రాయునపుడు, నిజము వ్రాయించినందున నష్టపోయిన పిల్లల చదువునకు ఎంత అని ఒక వరుస చేర్చవచ్చునా? సంఘ కూటములో ఈ ప్రశ్నను ఎవరైన అడుగవచ్చును. పెద్దయే అడుగనక్కరలేదు, వెనుక చాపమీద కూర్చుండు విధవరాలు అడిగినను చాలును.